ఇంగ్లీషులో ప్రెజెంట్ టెన్సులు: ఏది ఎక్కడ వాడాలి, తప్పు ఎలా పట్టుకోవాలి

శ్రీకాకుళంలో డిగ్రీ పిల్లలకి, పోటీ పరీక్షలు రాసేవాళ్లకి ఇంగ్లీషు చెబుతుంటాను. ఎవరొచ్చినా చివరికి అడిగేది ఇదే: "'ఐ గో' అనాలా, 'ఐ యామ్ గోయింగ్' అనాలా?" రూల్సు రాక అడుగుతున్నారనుకుంటే పొరపాటు. పన్నెండు టెన్సుల పట్టిక రాయమంటే గడగడా రాసేస్తారు. నోరు తెరిస్తే మాత్రం "డైలీ ఐ యామ్ గోయింగ్ టు కాలేజ్" అనే వస్తుంది.

చిక్కంతా మన క్రియతో వచ్చింది. "ఇప్పుడు చదువుతున్నాను", "డిగ్రీ చదువుతున్నాను", "రెండేళ్ల నుంచి చదువుతున్నాను" అని అన్నింటికీ ఒకటే "చదువుతున్నాను" సరిపెడతాం. "ఏటి సేస్తన్నావు" అని మన వైపు యాసలో అడిగినా, పుస్తకాల భాషలో అడిగినా ఇదే వరస. ఇంగ్లీషు అలా సరిపెట్టుకోదు. కాబట్టి తెలుగు క్రియ తోక చూసి టెన్సు ఎంచుకోకండి, పని ఏ టైములో జరుగుతోందో చూసి ఎంచుకోండి. కింద చెప్పేదంతా ఆ అలవాటు పడటానికే.

కావలసినవి

ఒక నోట్‌బుక్, రెండు రంగుల పెన్నులు, వాయిస్ రికార్డ్ చేసే ఫోను. వీటికి తోడు మీరు రోజూ చేసే పనుల క్రియలు ఒక ఇరవై రాసుకోండి. తినడం, వండడం, బస్సెక్కడం, బండి నడపడం, ఫోన్ చేయడం, నీళ్లు పట్టడం లాంటివి చాలు. ప్రతిదానికీ మూడు రూపాలూ రాయండి: గో, వెంట్, గాన్, ఈట్, ఏట్, ఈటెన్, వర్క్, వర్క్డ్, వర్క్డ్. మూడో రూపం రాకుండా ఐదో మెట్టు దాటలేరు, అందుకే ముందే చెబుతున్నాను.

ఇక్కడ ఇంగ్లీషు వాక్యాలన్నీ తెలుగు అక్షరాల్లోనే ఇచ్చాను. పైకి చదవండి, నోట్‌బుక్‌లో ఇంగ్లీషు అక్షరాల్లో రాయండి. స్పెల్లింగు మీ చేత్తో రాస్తేనే నిలుస్తుంది.

1. ముందు టైము మాట కింద గీత గీయండి

ఇంగ్లీషులోకి దిగకముందే తెలుగు వాక్యంలో "రోజూ", "ఇప్పుడు", "ఇప్పటికే", "నుంచి", "నిన్న" లాంటి మాట ఉందేమో చూసి, ఎర్ర పెన్నుతో గీత గీయండి. లేకపోతే మీరే ఒకటి పెట్టి చూడండి. "మా అన్నయ్య రాజాంలో పనిచేస్తున్నాడు" అనే వాక్యంలో టైము మాట లేదు. అది వాళ్ల అన్నయ్యకి ఉన్న ఉద్యోగమా, ఈ వారం మాత్రం అక్కడికి పంపారా? ఉద్యోగమే అయితే "మై బ్రదర్ వర్క్స్ ఇన్ రాజాం". తాత్కాలికమైతే "మై బ్రదర్ ఈజ్ వర్కింగ్ ఇన్ రాజాం దిస్ వీక్".

చాలామంది ఈ మెట్టు ఎగ్గొట్టి నేరుగా ఫార్ములా వెతుక్కుంటారు. టెన్సు తప్పేది సరిగ్గా అక్కడే.

2. రోజూ జరిగేది, ఎప్పుడూ నిజమైనది: సింపుల్ ప్రెజెంట్

ఐ, యు, వియ్, దే వస్తే క్రియ ఉన్నదున్నట్టే ఉంటుంది. హీ, షీ, ఇట్ వస్తే చివర ఎస్ చేరుతుంది. "ఐ వర్క్", "షీ వర్క్స్". ఓ, సిహెచ్, ఎస్‌హెచ్, ఎక్స్, ఎస్‌ఎస్ లతో ముగిసే క్రియలకి ఈఎస్ చేరుతుంది. స్టడీ లాంటి వాటిలో వై ముందు హల్లు ఉంటుంది కాబట్టి వై తీసేసి ఐఈఎస్ పెట్టాలి. ప్లే లో వై ముందు అచ్చు ఉంది, అక్కడ ఎస్ ఒక్కటే చాలు. హ్యావ్ మాత్రం హ్యాజ్ అవుతుంది.

పలకడంలో ఆ ఎస్‌కి మూడు శబ్దాలున్నాయి: వర్క్స్, ఈట్స్ లో "స్", గోజ్, రన్జ్ లో "జ్", వాచిజ్, టీచిజ్ లో "ఇజ్". స్పీడుగా మాట్లాడేటప్పుడు మన నోట్లో ఈ చివరి శబ్దం మింగుడు పడిపోతుంది. కాగితం మీద తప్పు రాయనివాళ్లు కూడా మాటల్లో "హీ వర్క్" అంటారు.

ఇక్కడ మన మర్యాద కూడా అడ్డొస్తుంది. "నాన్నగారు పనిచేస్తారు" అని బహువచనంలో అంటాం కదా, ఆ చేత్తోనే "మై ఫాదర్ వర్క్" అని వచ్చేస్తుంది. ఇంగ్లీషు క్రియకి గారు అక్కర్లేదు. నాన్నగారైనా, కలెక్టరుగారైనా "హీ వర్క్స్" అనే అనాలి.

దీన్ని ఎక్కడ వాడాలి? అలవాట్లకి: "మై మదర్ గెట్స్ అప్ ఎట్ ఫైవ్." మారని నిజాలకి: "ద నాగావళి ఫ్లోజ్ త్రూ శ్రీకాకుళం." ఏటా వచ్చిపోయేవాటికి కూడా ఇదే. అరసవల్లి సూర్యనారాయణ స్వామి గుళ్లో మార్చిలో ఒకసారి, అక్టోబరులో ఒకసారి ఉదయపు సూర్యకిరణాలు స్వామి పాదాలను తాకుతాయి. అది ప్రతి ఏడూ జరిగేదే కాబట్టి "ద సన్‌రేజ్ టచ్ ద ఐడల్స్ ఫీట్ ట్వైస్ ఎ ఇయర్". ఆ క్షణాన గుళ్లో నిలబడి ఫోన్లో చెబుతుంటే మాత్రం "ద రేజ్ ఆర్ టచింగ్ ద ఫీట్ నౌ".

బస్సుల, రైళ్ల టైము రేపటిదైనా సింపుల్ ప్రెజెంటే: "ద బస్ లీవ్స్ ఎట్ సెవెన్ టుమారో." అలాగే వెన్, ఇఫ్, ఆఫ్టర్ తర్వాత వచ్చే క్రియకి విల్ పెట్టకండి. "పలాస చేరాక ఫోన్ చేస్తాను" అంటే "ఐ విల్ కాల్ యు వెన్ ఐ రీచ్ పలాస". "వెన్ ఐ విల్ రీచ్" తప్పు. పోటీ పరీక్షల్లో తప్పు పట్టమనే ప్రశ్నలకి ఈ వాక్యం కట్టు బాగా పనికొస్తుంది, గుర్తు పెట్టుకోండి.

3. ఇప్పుడు జరుగుతున్నది: కంటిన్యువస్

యామ్, ఈజ్, ఆర్ లో ఒకటి, దాని పక్కన ఐఎన్‌జీ చేర్చిన క్రియ. రెండూ ఉండాలి. "షీ కుకింగ్" అంటే సగం వాక్యం. "షీ ఈజ్ కుక్" అంటే అర్థమే మారిపోయేలా ఉంటుంది.

ఈ క్షణంలో జరిగేదానికి, ఈ రోజుల్లో తాత్కాలికంగా నడుస్తున్నదానికి, ముందే ఖాయమైపోయిన రేపటి పనికి ఇది వాడండి. టికెట్ తీసేసుకున్నారా? "ఐ యామ్ గోయింగ్ టు వైజాగ్ టుమారో" అనండి. "డైలీ", "ఎవ్రీ డే", "యూజువల్లీ" ఉన్న వాక్యంలో మాత్రం దీన్ని పెట్టకండి. "ఐ గో టు కాలేజ్ ఎవ్రీ డే" సరైనది.

4. ఐఎన్‌జీ పడని క్రియలు

నో, వాంట్, నీడ్, లైక్, బిలీవ్, అండర్‌స్టాండ్, బిలాంగ్. సొంతం అనే అర్థంలో హ్యావ్. ఇవి చేసే పనులు కావు, ఉన్న స్థితులు. "ఐ యామ్ హ్యావింగ్ టూ సిస్టర్స్", "ఐ యామ్ నాట్ అండర్‌స్టాండింగ్", "ఐ యామ్ హ్యావింగ్ ఎ డౌట్" అని మన దగ్గర గుక్క తిప్పుకోకుండా అంటారు. "ఐ హ్యావ్ టూ సిస్టర్స్", "ఐ డోంట్ అండర్‌స్టాండ్", "ఐ హ్యావ్ ఎ డౌట్" చాలు. తినడం అనే అర్థంలో మాత్రం "వియ్ ఆర్ హ్యావింగ్ లంచ్" సరైనదే. అభిప్రాయం చెప్పడానికి "ఐ థింక్", ఆలోచనలో ఉన్నప్పుడు "ఐ యామ్ థింకింగ్ అబౌట్ ఇట్".

మాటల్లో ఇవి దొర్లితే ఎదుటివాళ్లకి అర్థమవుతుంది, పెద్దగా పట్టించుకోరు. రాతపరీక్షలో మార్కు పోతుంది.

5. అయిపోయింది, దాని ఫలితం ఇప్పుడుంది: పర్ఫెక్ట్

హ్యావ్ గానీ హ్యాజ్ గానీ, దాని పక్కన మూడో రూపం. "ఐ హ్యావ్ ఈటెన్." "షీ హ్యాజ్ ఫినిష్డ్ హర్ వర్క్."

నా క్లాసులో ఎక్కువ టైము తీసుకునేది ఇదే. తెలుగులో "తిన్నాను" అనేది నిన్నటికీ సరిపోతుంది, ఇందాకటికీ సరిపోతుంది. ఇంగ్లీషులో ఎప్పుడు జరిగిందో టైము చెప్పేస్తే హ్యావ్ రాకూడదు. నిన్న, పోయిన వారం, 2023లో, పొద్దున్న ఎనిమిదింటికి అన్న మాట వచ్చిందంటే అది పాస్ట్ టెన్సే. ఇంటర్వ్యూలో "టెల్ అస్ అబౌట్ యువర్‌సెల్ఫ్" అనగానే వచ్చే వాక్యం చూడండి: "ఐ హ్యావ్ కంప్లీటెడ్ మై డిగ్రీ ఇన్ 2023." సంవత్సరం చెప్పారు కాబట్టి "ఐ కంప్లీటెడ్ మై డిగ్రీ ఇన్ 2023" అనాలి. సంవత్సరం ఎత్తకపోతే "ఐ హ్యావ్ కంప్లీటెడ్ మై డిగ్రీ" బాగుంటుంది. దీనికంటే ఘోరంగా "ఐ యామ్ కంప్లీటెడ్ మై డిగ్రీ" అని కూడా వినిపిస్తుంటుంది. ఐ వచ్చిందంటే పక్కన యామ్ ఉండి తీరాలన్నట్టు నోరు అలవాటు పడిపోవడం వల్ల వచ్చేది అది.

ఆల్రెడీ, యెట్, జస్ట్, ఎవర్, నెవర్, సో ఫార్ అనే మాటలు ఈ టెన్సుకి తోడు. అమెరికా వాళ్లు "ఐ ఆల్రెడీ ఏట్" అని కూడా అంటారు, అది తప్పేం కాదు. పరీక్ష పేపర్లో మాత్రం "ఐ హ్యావ్ ఆల్రెడీ ఈటెన్" రాస్తే ఏ పేచీ ఉండదు.

ఇంకో చిన్న తేడా. "హీ హ్యాజ్ గాన్ టు పలాస" అంటే వెళ్లాడు, ఇంకా రాలేదు. "హీ హ్యాజ్ బీన్ టు పలాస" అంటే ఎప్పుడో వెళ్లొచ్చాడు. మీరు ఎదుటే కూర్చుని "ఐ హ్యావ్ గాన్ టు హైదరాబాద్ ట్వైస్" అంటే, ఇక్కడున్నదెవరని అడగాల్సొస్తుంది.

6. మొదలై ఇంకా సాగుతున్నది: పర్ఫెక్ట్ కంటిన్యువస్

తెలుగు వాక్యంలో "నుంచి" గానీ, "పదేళ్లుగా" అన్నట్టు "గా" గానీ ఉందా? అయితే యామ్, ఈజ్, ఆర్ పక్కన పెట్టి హ్యావ్ బీన్ లేదా హ్యాజ్ బీన్ తీసుకోండి. "ఐ యామ్ లివింగ్ ఇన్ శ్రీకాకుళం సిన్స్ టెన్ ఇయర్స్" అనే వాక్యంలో రెండు తప్పులున్నాయి. సరైన వాక్యం "ఐ హ్యావ్ బీన్ లివింగ్ ఇన్ శ్రీకాకుళం ఫర్ టెన్ ఇయర్స్".

సిన్స్ పక్కన మొదలైన టైము రావాలి: సిన్స్ 2015, సిన్స్ మండే, సిన్స్ దిస్ మార్నింగ్. ఫర్ పక్కన ఎంతసేపో రావాలి: ఫర్ టెన్ ఇయర్స్, ఫర్ టూ అవర్స్. మనం రెండింటికీ "నుంచి" అనే అంటాం కాబట్టి "సిన్స్ టూ అవర్స్" అని దొర్లిపోతుంది. సిన్స్ పలికే ముందు ఒక్క క్షణం ఆగి, తర్వాత వచ్చేది కేలండరులోనో గడియారంలోనో వేలు పెట్టి చూపించగలిగేదా అని అడగండి. "రెండు గంటలసేపు" మీద వేలు పెట్టలేరు.

నాలుగో మెట్టులోని క్రియలు ఇక్కడా ఐఎన్‌జీ తీసుకోవు. "ఆయన నాకు పదేళ్లుగా తెలుసు" అంటే "ఐ హ్యావ్ నోన్ హిమ్ ఫర్ టెన్ ఇయర్స్".

7. ఒకే దృశ్యాన్ని నాలుగు రకాలుగా చెప్పండి

విడివిడి వాక్యాలతో ఎంత సాధన చేసినా టెన్సులు కలిసిపోయే చోట తడబడతాం. అందుకని మీరు కళ్లారా చూసిన ఒక సందడిని తీసుకోండి. విజయనగరం పైడితల్లి అమ్మవారి సిరిమాను, అంటే పూజారి పొడవాటి మాను చివర కూర్చుని ఊరేగే పండగ, చూసే ఉంటారు కదా, దాన్నే పట్టుకుందాం.

ఊరుకాని స్నేహితుడికి పండగ గురించి చెబుతున్నారు. అది ఏటా జరిగేది: "ద ఫెస్టివల్ టేక్స్ ప్లేస్ ఆన్ ద ట్యూజ్డే ఆఫ్టర్ విజయదశమి. ద ప్రీస్ట్ సిట్స్ ఎట్ ద టాప్ ఆఫ్ ఎ లాంగ్ పోల్. పీపుల్ త్రో బనానాస్."

ఇప్పుడు ఆ జనంలో నిలబడి వాడికే ఫోన్ చేశారు. కళ్ల ముందు జరుగుతున్నది: "ద సిరిమాను ఈజ్ కమింగ్ టువర్డ్స్ అస్. మై బ్రదర్ ఈజ్ స్టాండింగ్ ఆన్ ఎ వాల్."

సిరిమాను గుడి దగ్గర్నుంచి కోట దాకా మూడుసార్లు తిరుగుతుంది. రెండు అయ్యాయా అని వాడు అడిగాడు. లెక్క ఇప్పటిదాకా వచ్చినది: "ఇట్ హ్యాజ్ బీన్ టు ద ఫోర్ట్ ట్వైస్. ఇట్ హ్యాజ్ నాట్ స్టార్టెడ్ ద థర్డ్ రౌండ్ యెట్."

ఇక కాళ్లు పీకుతున్నాయి: "వియ్ హ్యావ్ బీన్ స్టాండింగ్ హియర్ సిన్స్ నూన్."

మర్నాడు పొద్దున్న ఇదే కథ చెప్పాల్సి వస్తే ఈ నాలుగు రూపాల్లో మూడు పోతాయి. "ఇట్ వెంట్ టు ద ఫోర్ట్ త్రీ టైమ్స్ యెస్టర్డే." మొదటి భాగం, అంటే పండగ ఎప్పుడొస్తుంది, పూజారి ఎక్కడ కూర్చుంటారు అనేది మాత్రం మారదు.

సిరిమాను చూడనివాళ్లు కోడి రామ్మూర్తి స్టేడియంలో ఆటల పోటీ గానీ, మీ ఊరి సంతగానీ, ఇంట్లో పెళ్లిపనులుగానీ తీసుకోండి. ఏదైనా సరే, మీరు చూసినదై ఉండాలి.

8. ప్రశ్నలు, కాదనే వాక్యాలు

సింపుల్‌లో డు, డజ్ తేవాలి. డజ్ వచ్చిందంటే క్రియకున్న ఎస్ పోతుంది: "డజ్ షీ వర్క్?", "షీ డజంట్ వర్క్". "డజంట్ వర్క్స్" అంటే ఎస్ రెండుసార్లు పెట్టినట్టు. మిగతా మూడు టెన్సుల్లో సహాయక్రియని (యామ్, ఈజ్, ఆర్, హ్యావ్, హ్యాజ్) ముందుకు తెస్తే ప్రశ్న అయిపోతుంది: "ఆర్ యు కమింగ్?", "హ్యావ్ యు ఈటెన్?" "వేర్ యు ఆర్ గోయింగ్?" అనకండి, "వేర్ ఆర్ యు గోయింగ్?" అనండి.

తప్పు పట్టుకోవడం ఎలా

రాసిన వాక్యాన్ని మూడు చూపులు చూడండి. మొదటిది, టైము మాటకీ టెన్సుకీ పొత్తు కుదిరిందా? రెండోది, కర్త హీ, షీ, ఇట్ లో ఒకటైతే ఎస్, ఈజ్, హ్యాజ్ లో ఏదో ఒకటి కనిపిస్తోందా? ప్రశ్నల్లో, కాదనే వాక్యాల్లో డజ్ ఆ పని చేస్తుంది. మూడోది, యామ్, ఈజ్, ఆర్ పక్కన ఐఎన్‌జీ లేని క్రియ నిలబడి ఉందా? "ఐ యామ్ వర్క్", "ఐ యామ్ కమ్ ఫ్రమ్ టెక్కలి" లాంటివి ఇక్కడ దొరికిపోతాయి.

అనుమానం తీరకపోతే వాక్యాన్ని ప్రశ్నగా మార్చండి. "ఐ యామ్ వర్క్ ఇన్ టెక్కలి" ని తిప్పితే "ఆర్ యు వర్క్ ఇన్ టెక్కలి?" అవుతుంది. మామూలు వాక్యంలో పట్టని తప్పు ప్రశ్నలో చెవికి తగులుతుంది.

మాటల తప్పులకి రికార్డరే దారి. మీ రోజు గురించి రెండు నిమిషాలు మాట్లాడి, వెంటనే వినకుండా మర్నాడు వినండి. వెంటనే వింటే చెప్పాలనుకున్నదే వినిపిస్తుంది, చెప్పింది వినిపించదు. మింగేసిన ఎస్‌లు లెక్కపెట్టండి. తోడు చదివేవాళ్లుంటే నోట్‌బుక్కులు మార్చుకోండి. ఎదుటివాళ్ల తప్పు మనకి ఇట్టే కనబడుతుంది.

ఫోన్లో అనువాదం యాప్ వాడొచ్చా అని కూడా అడుగుతుంటారు. మీరు రాశాక సరిచూసుకోవడానికి వాడండి, ముందే అడగొద్దు. టైము మాట లేని తెలుగు వాక్యం ఇస్తే అది ఉద్యోగమో, ఈ వారం పనో దానికి మాత్రం ఎలా తెలుస్తుంది?

ఇవి చేసి చూడండి

జవాబులు కింద ఉన్నాయి, అవి కాగితంతో మూసి రాయండి. ఒకటి ప్రెజెంట్ టెన్సు కాదు, కావాలనే పెట్టాను.

క. మా నాన్న పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీలో పనిచేస్తున్నారు. అదే ఆయన ఉద్యోగం.
ఖ. పొద్దున్నించి వాన పడుతోంది.
గ. నిన్న ఆమదాలవలసలో రైలెక్కాను.
ఘ. మీరు ఎప్పుడైనా బొబ్బిలి వెళ్లారా?
చ. రేపు మా అత్త పార్వతీపురం నుంచి వస్తోంది.
ఛ. ఈ పొలం మా తాతది.
జ. నేను భోంచేసేశాను.
ఝ. ఆవిడ టీ తాగదు.

జవాబులు: క. మై ఫాదర్ వర్క్స్ ఇన్ ఎ క్యాష్యూ ఫ్యాక్టరీ ఇన్ పలాస. ఖ. ఇట్ హ్యాజ్ బీన్ రెయినింగ్ సిన్స్ దిస్ మార్నింగ్. గ. ఐ బోర్డెడ్ ద ట్రెయిన్ ఎట్ ఆమదాలవలస యెస్టర్డే. ఘ. హ్యావ్ యు ఎవర్ బీన్ టు బొబ్బిలి? చ. మై ఆంట్ ఈజ్ కమింగ్ ఫ్రమ్ పార్వతీపురం టుమారో. ఛ. దిస్ ల్యాండ్ బిలాంగ్స్ టు మై గ్రాండ్‌ఫాదర్. జ. ఐ హ్యావ్ హ్యాడ్ లంచ్. ఝ. షీ డజంట్ డ్రింక్ టీ.

"జ" లో "హ్యావ్ హ్యాడ్" చూసి అచ్చుతప్పు అనుకోకండి. మొదటిది సహాయక్రియ, రెండోది తినడం అనే హ్యావ్‌కి మూడో రూపం. "ఐ హ్యావ్ ఈటెన్" అని రాసినా మార్కు వేసుకోండి. "ఘ" లో "డిడ్ యు ఎవర్ గో" అని రాసినవాళ్లు ఐదో మెట్టు ఇంకోసారి చదవండి. "ఛ" లో "ఈజ్ బిలాంగింగ్" అని వస్తే నాలుగోది.

ఎనిమిదిలో ఆరు సరిగ్గా వస్తే మీ ఇరవై క్రియలతో రోజుకి ఐదేసి వాక్యాలు సొంతంగా రాయడం మొదలుపెట్టండి. అంతకంటే తక్కువొస్తే రెండు, మూడు మెట్లు మాత్రమే ఒక వారం తిప్పండి, పర్ఫెక్ట్ జోలికి వెళ్లకండి. ఇంటర్వ్యూ ఎల్లుండే ఉందంటే ఇవన్నీ ఇప్పుడు పెట్టుకోవద్దు. మీ గురించి చెప్పే పది వాక్యాలు రాసి, డిగ్రీ ఏడాది ఉన్న వాక్యంలో హ్యావ్ కొట్టేసి, నాన్నగారి వాక్యంలో ఎస్ ఉందో లేదో చూసుకుని, పైకి నాలుగుసార్లు చదివి వెళ్లండి.